గొంగళి కింద పొద్దు

నరసరావుపేటలో రంగుచేపలమ్మే కొట్టు ముందు నేను ఆగింది చేపల కోసం కాదు, నీడ కోసం. వేసవి మధ్యాహ్నం, ఆటో దొరకలేదు, చంకలో జవాబు పత్రాల కట్ట, కోపం నషాళానికంటి ఉంది. కొట్టు లోపల గాజుతొట్ల వరుస చివర, చేపలన్నిటికీ దూరంగా, ఒక నీలం రంగు ప్రాణి గులకరాళ్ళ మీద కూర్చుని ఉంది. ముందు నుంచి చూస్తే ఎండ్రకాయ, వెనక నుంచి చూస్తే రొయ్య. పటకారులాంటి ముందుకాళ్ళు రెండూ చాపుకుని, పొడుగాటి మీసాలు మెల్లగా కదిలిస్తోంది.

"క్రేఫిష్ మేడం. ఫారిన్ రకం," అన్నాడు కొట్టతను.

"ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యదు మేడం. అందుకే ఎవరూ కొనట్లా."

ఆ నిజాయితీకి పడిపోయి కొనేశాను. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. రొయ్య జాతి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మందునీళ్ళ సీసాలో మునిగి, రంగు వెలిసి, బట్టల సబ్బు ముక్కలా తయారైన ఒక పాత రొయ్యని ఎత్తి చూపించడమే నా పని. పిల్లలు దాన్నీ నన్నూ ఒకే చూపు చూసేవాళ్ళు. ఒక్కసారన్నా ప్రాణమున్నది చూపిద్దామని కొన్నానని అందరికీ చెప్పాను. అసలు సంగతి నాకే చూడాలనిపించింది.

నేనుండేది మా అక్క వాళ్ళింటి పై వాటాలో. వేసవిలో ఆ గదుల్లో మనుషులమే ఉడికిపోతాం, ఇక చల్లటి నీళ్ళు కోరుకునే ఈ జీవి ఏం బతుకుతుంది? కింద అక్క వాళ్ళది పాత ఇల్లు, నాపరాళ్ళ కప్పు, ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. అందుకని గాజుతొట్టి అక్క వాళ్ళ హాల్లో, బావ కూర్చునే చెక్క కుర్చీ పక్కన పెట్టించాను. ఎదురింటి పిన్ని వచ్చి, వంగి, చానాసేపు పరిశీలించి, "పులుసుకి చాలదు గదే," అని తేల్చేసి వెళ్ళిపోయింది.

బావకి కళ్ళు లేవు. మాచర్ల వైపు క్వారీలో మేస్త్రీగా చేసేవాడు. ఒకరోజు పేలకుండా మిగిలిపోయిన మందు, అందరూ దగ్గరికి వెళ్ళాక పేలింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. బావకి మాత్రం రెండు కళ్ళూ తీసేయాల్సి వచ్చింది. కొందరికి చూపు పోయినా వెలుతురు, నీడ తేడా తెలుస్తుంది. ఆయనకి అదీ లేదు.

ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తర్వాత ఇద్దరూ కలిసి ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి టిఫిన్ కొట్టు పెట్టారు. అక్క దోశలు, పూరీలు, చట్నీలు. ఇడ్లీ మాత్రం పూర్తిగా బావది. పిండి వేళ్ళ మధ్య జారే తీరుని బట్టి నీళ్ళు కలుపుతాడు. రేకుల్లో గరిటెతో పోస్తుంటే ఒక్క చుక్క అంచు దాటదు. ఆవిరి వాసన మారగానే మూత తీస్తాడు. "ఇడ్లీకి కళ్ళెందుకే మరదలా, మనసు పెడితే చాలదా," అంటాడు. తెల్లవారకముందే రోడ్డెక్కే లారీ డ్రైవర్లు, మిరపకోతలకి ఆటోల్లో వెళ్ళే ఆడవాళ్ళు, ముప్పాళ్ళ వైపు నుంచి మొదటి బస్సులో దిగేవాళ్ళు ఆ ఇడ్లీ కోసమే ఆగుతారు. క్వారీ నుంచి ఇంటికి తెచ్చిన మనిషిని మళ్ళీ మనిషిని చేసింది ఆ పొయ్యి దగ్గర చోటే. అది అక్కకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక నా ఎండ్రకాయ సంగతి. కొట్టతను చెప్పింది అక్షరాలా నిజమైంది. అది ఏమీ చెయ్యలేదు. తొట్టిలో వేసిన కుండపెంకు కిందకి దూరి, మీసాల కొసలు తప్ప ఏమీ కనపడనిచ్చేది కాదు. క్యారెట్ ముక్క వేస్తే అలాగే నాని మెత్తబడేది. పగలు బయటికి రాదని నాకు తెలుసు, చీకటి పడ్డాక తిరిగే జాతి అది. మరి సాయంత్రమూ రాదేం? పాఠం తప్పా, ఎండ్రకాయ తప్పా? కాలేజీ నుంచి రాగానే తొట్టి ముందు కూలబడి దాన్ని తిట్టడం నాకు అలవాటైపోయింది. బావ వింటూ నవ్వుకునేవాడు. "దానికి తెలుగు వచ్చో రాదో కనుక్కున్నావా మరదలా?"

ఒకరోజు కరివేపాకు కోసం సందేళకి కిందికి దిగాను. అక్క అప్పుడే దీపాలు పెడుతోంది. దేవుడి దగ్గర ప్రమిద వెలిగించింది. తర్వాత వసారాలో స్విచ్చి, హాల్లో స్విచ్చి, వంటింట్లో, పెరట్లో. చివరికి ఎండ్రకాయ తొట్టి మూతకి బిగించిన ట్యూబులైటు కూడా వేసి, దానికీ ఒక దణ్ణం పెట్టుకుంది. సందేళ వెలిగించే దీపం ఏదైనా దీపమే గదా, ఎండ్రకాయ తొట్టిదైతే మాత్రం? మా ఇళ్ళల్లో అందరూ చేసేదే.

"ఇది ఎప్పుడు తీస్తావే?" అని అడిగాను.

"ఎందుకు తియ్యటం? తెల్లార్లూ ఉండిద్ది."

అప్పుడు గమనించాను, ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఏ లైటూ ఆరదని. పై వాటాలో ఉండి కూడా ఇన్నేళ్ళుగా పట్టించుకోలేదు. కరెంటు దండగ కదా అనబోయాను. అక్క పమిటతో చెయ్యి తుడుచుకుంటూ, "ఆయనకెట్టాగూ చీకటే. ఇల్లన్నా వెలుతురుగా ఉండనియ్యవే," అంది. కరివేపాకు కూడా మర్చిపోయి మెట్లెక్కాను.

కానీ మెట్ల మీదే బుర్ర పనిచేయడం మొదలైంది. పగలంతా కిటికీ వెలుతురు. పొద్దుగూకే వేళకి, అది బయటికి రావాల్సిన వేళకి, నెత్తిమీద ట్యూబులైటు. తెల్లార్లూ అదే. పాపం ఆ జీవికి మా అక్క ఇంటికి వచ్చినప్పటి నుంచి సాయంత్రమనేదే రాలేదు. చీకటి పడుతుందేమోనని పెంకు కింద కూర్చుని ఎదురుచూస్తోంది. నేనేమో దాన్ని బద్ధకపు ముండ అని తిడుతున్నాను.

వెంటనే కిందికి పరిగెత్తి, "సందేళ ఆ లైటు వెయ్యొద్దు," అన్నాను. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "దీపాలేళ దీపం ఆర్పమంటావేందే? చదువుకున్నావా, చదువు నిన్ను తిన్నదా?" ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. మా ఇద్దరి గొంతులూ అసలే పెద్దవి. బావే మధ్యలో వచ్చి తీర్పు చెప్పాడు. "ఇల్లు నీది, దీపాలు పెట్టుకో. తొట్టి మరదలిది, దాని మీద ఏదన్నా కప్పుకుంటది. అటక మీద నా గొంగళి ఉండాల చూడు."

క్వారీ రోజుల్లో గొర్రెల కాపరి దగ్గర కొన్న నల్ల గొంగళి అది. రెండు మడతలు వేసి తొట్టి మీద కప్పితే లోపలికి పిసరంత వెలుతురు పోదు. ఆ సాయంత్రం దీపాల వేళకి తొట్టి లైటు తీసేసి గొంగళి కప్పాను. కాసేపాగి, ఫోను టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టి, గొంగళి అంచు ఎత్తి చూశాను. ఎర్ర వెలుగు వాటికి అంతగా తెలియదు. బయటికి వచ్చింది! నా కేకకి అక్క గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తందే? చెప్పు," అన్నాడు బావ, కుర్చీలో ముందుకి వంగి.

"క్యారెట్ ముక్క పట్టుకుంది బావా. తినట్లేదు, తిప్పి తిప్పి చూస్తోంది. అక్క రైతుబజార్లో వంకాయలు ఏరినట్టు."

"అయితే తినేటప్పటికి తెల్లారిద్ది," అన్నాడు. అక్క గరిటె ఆయన భుజానికి తగిలించి వెళ్ళింది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం గొంగళి, రోజూ పొద్దున దాన్ని తీసెయ్యడం. ఎండ్రకాయ చక్కగా దారిలో పడింది. చీకటి చేసీ చెయ్యగానే లేచేది. తొట్టి నాలుగు మూలలూ కొలిచేది. రాళ్ళు ఎత్తి అవతల పెట్టేది, మర్నాడు మళ్ళీ ఇవతల పెట్టేది. ఎందుకో దానికే తెలియాలి. కాలేజీకి తీసుకెళ్ళి పిల్లలకి చూపించాను. సీసాలో రొయ్యని చూసిన కళ్ళు కావవి. ఒకమ్మాయి, "మేడం, దీనికి రాత్రయిందని ఎవరు చెప్తారు?" అని అడిగింది. మంచి ప్రశ్న అన్నాను. నాకు పూర్తిగా తెలియని ప్రశ్నలన్నిటినీ మంచి ప్రశ్నలనే అంటాను.

ఒక పొద్దున గొంగళి తీయడానికి వెళ్తే లోపలి గదిలో బావ మంచమ్మీద అటు తిరిగి పడుకుని, "ఇప్పుడే పడుకుందే అది. తెల్లార్లూ రాళ్ళు దొర్లిచ్చి దొర్లిచ్చి," అన్నాడు.

"తెల్లార్లూ అని మీకెట్టా తెలుసు?"

ఆయన దుప్పటి తల మీదకి లాక్కున్నాడు. బయట షెడ్డులో అక్క ఒక్కతే ఇడ్లీ రేకులూ దోశ పెనమూ రెండూ చూసుకుంటూ సతమతమవుతున్న చప్పుడు వినిపిస్తోంది. అడగకూడనిది అడిగానని అర్థమైంది.

బావ నిద్ర సంగతి ఇంట్లో ఒక పుండు. కొన్ని వారాలు మనిషి గడియారంలా ఉండేవాడు. అక్క కంటే ముందు లేచి గ్రైండరు కడిగేవాడు. తర్వాత ఏమయ్యేదో, లేవడం కాస్త కాస్త ఆలస్యమయ్యేది. అలా అలా జరిగి ఇడ్లీల వేళకి ఒళ్ళు తెలియకుండా పడుకునేవాడు. భుజాలు పట్టి కుదిపి లేపితే పొయ్యి ముందు కూర్చునే తూగేవాడు. సాయంత్రానికి మాత్రం కులాసాగా, మాటలకి మాటలు. మరికొన్నాళ్ళకి ఏ మందూ మాయా లేకుండా మళ్ళీ దారికొచ్చేవాడు. బాగుపడ్డాడని అక్క సంబరపడేలోపు మళ్ళీ మొదలు.

చూసేవాళ్ళు ఊరుకుంటారా? చాటుగా తాగుతున్నాడన్నారు. బావ సొంత అన్నే ఊరి నుంచి వచ్చి, పలకరిస్తున్నట్టు దగ్గరికి వంగి నోరు వాసన చూసి వెళ్ళాడు. అక్క మాత్రం అది అలక అనుకునేది. "నామీద కోపమొస్తే నోటితో తిట్టడే, నిద్రతో సాధిస్తాడు. మర్యాదస్తుడుగా," అనేది నాతో. ఏ కోపమని అడిగితే, వెతికి వెతికి ఏదో ఒక పాత మాట చెప్పేది.

వర్షాకాలం చివర్లో, అలాంటి తూగే వారంలో, బావ చెయ్యి ఇడ్లీ పాత్ర ఆవిరిలో పడి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. అక్క ఆ రోజు ఏడవలేదు, అరవలేదు. రాత్రి అన్నాల దగ్గర మాత్రం, దసరా అయినాక పిడుగురాళ్ళ నుంచి టిఫిన్ మాస్టరు ఒకతను వస్తాడని చెప్పింది. ఇడ్లీ కూడా అతనే చూసుకుంటాడని, బావ కొట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలని చెప్పింది.

"సరే," అన్నాడు బావ. కంచంలో అన్నం అలాగే ఉంది. పొయ్యి దగ్గర చోటు పోతే ఆయనకి ఇంకేం మిగులుతుందో మా ముగ్గురికీ తెలుసు. అయినా అక్కని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, ఆ చెయ్యి చూశాక.

దసరా సెలవులొచ్చాయి. క్లాసులో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. రాత్రయిందని దానికి చెప్పేది వెలుగే అయితే, వెలుగూ చీకటీ రెండూ చెప్పకుండా ఉంటే? అస్సలు గొంగళి తీయకుండా, రాత్రీ పగలూ ఒకే చీకట్లో ఉంచితే అది ఎప్పుడు లేస్తుంది? ఇష్టమొచ్చినట్టు లేస్తుందా, అసలు లేవదా? ఇలాంటివి పరిశోధనశాలల్లో ఎప్పుడో తేల్చి ఉంటారని తెలుసు. వెతికితే ఫోన్లోనే దొరుకుతుంది. కానీ నాకు నా ఎండ్రకాయ నోటి నుంచే వినాలనిపించింది.

చిక్కు ఒక్కటే, దాన్ని కనిపెట్టుకుని ఉండేదెవరు? మాటిమాటికీ గొంగళి ఎత్తితే వెలుతురు పడుతుంది.

"నేను వింటాలే," అన్నాడు బావ. "రాళ్ళ చప్పుడు తెలుసుగా. పొయ్యి ఉద్యోగం ఎట్టాగూ పోతంది, ఈ ఉద్యోగమన్నా ఇయ్యి."

నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. అప్పుడాయనది పగలు నిద్రపోయి సాయంత్రం నుంచి మెలకువగా ఉండే వారం. కావలికి అంతకంటే మంచి మనిషి దొరకడు.

గొంగళి పరిచేశాం. గాలి పంపు ఒక్కటే లోపల బుడగలు వదులుతూ ఉండేది. రోజూ ఒకే వేళకి తిండి వేస్తే అదే దానికి గడియారమైపోతుందని భయపడి, వేళ మార్చి మార్చి అంచు కింద నుంచి ముక్కలు జారవిడిచేదాన్ని. బావ కుర్చీ తొట్టి పక్కకి ఇంకాస్త జరుపుకుని కూర్చునేవాడు.

మొదట్లో అది మామూలుగానే సందేళ, అక్క దీపాలు పెట్టే వేళకే లేచింది. దానికి దీపాలు కనపడవు, అక్క దణ్ణం కనపడదు. అయినా లేచింది! ఆనందంతో నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. బయట వెలుగు ఏదీ చెప్పకపోయినా దాని ఒంట్లోనే ఏదో ఒక పొద్దు పొడుస్తోందన్నమాట, గుంకుతోందన్నమాట. తర్వాత బావ చెప్పే కబురు మెల్లగా మారింది. "ఇయ్యాల టీవీలో సీరియల్ మొదలైనాక లేచిందే." మరో రెండు రోజులకి, "అన్నాలు తినేటప్పుడు లేచింది." సెలవులు అయిపోవచ్చేసరికి, "మీ అక్క గిన్నెలు కడిగి గడియ పెట్టుకున్నాక గానీ కదల్లా."

సెలవుల చివరి సాయంత్రం నేను కుర్చీ పక్కనే నేలమీద కూర్చుని, క్లాసులో కూడా అంత ఉత్సాహంగా ఎప్పుడూ చెప్పనంతగా చెప్పాను. దాని లోపల ఒక గడియారం ఉంది. అది సరిగ్గా మన రోజుతో సమానంగా నడవదు, కాస్త నెమ్మది. రోజూ తెల్లవారుతూ, పొద్దుగూకుతూ వెలుగు వచ్చి ఆ ముల్లుని సరిచేసి పోతుంది. మనం వెలుగు ఆపేశాం. సరిచేసే చెయ్యి లేక, దాని రోజు కాస్త కాస్త వెనక్కి జరుగుతోంది.

బావ చెయ్యి చాపి గొంగళి అంచు తడిమాడు.

"ఇట్టాగే కప్పి ఉంచితే జరుగుతానే ఉండిద్దా?"

"ఉంటుంది బావా. అర్ధరాత్రికి జరుగుతుంది, తర్వాత పొద్దుటికి, తర్వాత మధ్యాహ్నానికి."

"జరిగి జరిగి, చుట్టూ తిరిగొచ్చి, మళ్ళీ సందేళకే లేచే రోజులు కూడా వస్తాయా?"

"వస్తాయి. కొన్నాళ్ళు మనతో కలుస్తుంది. మళ్ళీ తప్పుతుంది."

"దాని మానాన అది. ఎవురి మీదా కోపం లేకుండా," అన్నాడు బావ. "మరి నేనూ అంతేగా మరదలా."

నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. కళ్ళు చూడటానికే కాదు, ఒంటికి పొద్దు తెలియజెయ్యటానికి కూడా అని ఏటా పిల్లలకి చెప్తూనే ఉన్నాను. చెప్పి, సంచీ తగిలించుకుని, ఈ మనిషి ముందు నుంచే మెట్లెక్కి వెళ్ళాను. "అంతే బావా," అన్నాను. "అంతే. అచ్చం అంతే."

"మరి దానికి కళ్ళు పోతే? అది కూడా నాలాగే అయిద్దా?"

"కాదు. దానికి తోక దగ్గర నరాల్లో కూడా వెలుగు తెలుస్తుందట. కళ్ళు లేకపోయినా కొంత పొద్దు పట్టుకుంటుంది."

బావ ఒక్కసారిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. "చూశావా, తోక పోగొట్టుకుని మనుషులం ఎంత పొరపాటు చేశామో," అన్నాడు.

అక్కకి చెప్పడం అంత తేలిక కాలేదు. వంటింట్లో పిండికి మినప్పప్పు కడుగుతోంది. సగం విని, "ఎండ్రకాయతో పోలుస్తావేందే నా మొగుణ్ణి?" అని నా మీద పడింది. నేను మళ్ళీ చెప్పాను. ఎండ్రకాయ సంగతి వదిలెయ్, వెలుగు అస్సలు తెలియని మనుషులకి కూడా ఇలాగే అవుతుంది, ఇది అలక కాదు, తాగుడు కాదు అన్నాను. అక్క చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. "అయితే డాక్టరు చేత చెప్పిచ్చు. నీ మాట నేను నమ్మితే ఏంది, నమ్మకపోతే ఏంది," అంది. కానీ అప్పటికే నమ్ముతోందని గొంతు చెప్పేసింది.

గుంటూరు వెళ్ళాం. డాక్టరు పెద్దావిడ, అన్నీ ఓపిగ్గా అడిగింది. బావ ఏ వారాల్లో ఎలా ఉంటాడో విన్నాక, ఇది మనసు జబ్బు కాదని, మనిషి తప్పు అసలే కాదని అక్క వైపు తిరిగి చెప్పింది. రోజూ సాయంత్రం ఒకే వేళకి వేసుకోమని ఒక చిన్న మాత్ర రాసింది. మత్తు మాత్ర కాదు, ఒంటికి ఇది రాత్రి అని గుర్తుచేసే మాత్ర. నెలలు పట్టొచ్చు, కొందరికి కుదురుతుంది, కొందరికి కుదరదు, అందాకా ఆయన్ని బలవంతంగా లేపొద్దు అంది.

బస్సులో అక్క కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఫిరంగిపురం దాటాక బావ వైపు తిరిగి, "ఏందయ్యా, తెల్లార్లూ మెలకువగా ఉంటే నన్ను లేపొచ్చుగా? ఒక్కసారన్నా చెప్పొచ్చుగా?" అంది. గొంతులో ఉన్నది కోపమే.

"ఏమని చెప్పేది? కళ్ళతో పాటు బుర్ర కూడా పోయిందనుకున్నా. నీకు తెలియకూడదని కదలకుండా పడుకునేవాణ్ణి."

"కదలకుండా?"

"కదిలితే మంచం కిర్రుమనిద్ది. నువ్వు లేస్తావు. నువ్వన్నా నిద్రపోవాలగా."

అక్క బస్సులో అందరూ చూస్తుండగా ఆయన కాలిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు. నేను ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాను. సిగ్గేమీ పడలేదు.

ఇంటికి రాగానే గొంగళి తీసేశాను, మునుపటిలా సందేళకి మాత్రమే కప్పేదాన్ని. కిటికీ వెలుతురు తగిలిన కొద్దిరోజులకే ఎండ్రకాయ మళ్ళీ సందేళకి లేవడం మొదలుపెట్టింది. దాని కష్టం అంత తేలిగ్గా తీరిపోయింది. బావకి మాత్ర మొదలైంది గానీ నిద్ర ఇంకా తన మానాన తను తిరుగుతూనే ఉంది. ఆయన పగలు నిద్రలో ఉన్న వారంలోనే మాస్టరు వచ్చే రోజు కూడా వచ్చింది. ఈ గొడవలో పడి అతనికి వద్దని చెప్పే మాట అక్క మర్చిపోయిందో, ఇంకా తేల్చుకోలేకపోయిందో, నేను అడగలేదు.

పొద్దున్నే అతను తువ్వాల్లో చుట్టిన సొంత గరిటెలతో షెడ్డు ముందు బస్సు దిగాడు. నేను కాలేజీకి బయల్దేరి మెట్ల మీద ఉన్నాను. అక్క అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి పూరీ పెట్టింది, టీ ఇచ్చింది. అతను తిని, చెయ్యి కడుక్కుని, ఇడ్లీ పొయ్యి వైపు నడవబోయాడు. అక్క అడ్డంగా నిలబడింది.

"నిన్ను ఊరికే తిప్పాను నాయనా, ఏమనుకోబాక. ఆ పొయ్యికి మాస్టరున్నాడు."

"మరి లేడనేగదమ్మా రమ్మంది?"

"నేననుకున్నా లేడని. ఉన్నాడు."

అతను ఖాళీ పొయ్యిని చూశాడు, అక్కని చూశాడు, గరిటెలు మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాడు. అక్క బస్సుకి చేతిలో పెట్టాల్సింది పెట్టి పంపించింది. ఈలోగా రోజూ వచ్చే లారీ డ్రైవరు ఒకాయన బల్ల మీద తట్టాడు.

"అక్కా, ఇడ్లీ ఏదీ?"

"ఇడ్లీ పొద్దుగూకినాక అన్నా. ఇప్పటికి దోశ తిను."

"పొద్దుగూకినాక ఇడ్లీ ఏందక్కా? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"నవ్వనీ. మా ఆయనకి అప్పుడు తెల్లారిద్ది," అంది అక్క, పెనమ్మీద నీళ్ళు చిలకరిస్తూ.

లోపల గదిలో బావ పడుకుని ఉన్నాడు. ఆ పొద్దున ఆయన్ని ఎవరూ లేపలేదు.